పాత హూవర్‌కు గొట్టం తగిలించి వాడటం ఎలా?

అమెరికాలో ఎస్టేట్ సేల్‌కి, అంటే ఒక ఇంట్లోని సామానంతా అమ్మకానికి పెట్టిన చోటికి వెళితే గరాజ్ మూలన గోడకి ఆనించి, గుడ్డసంచీ వేలాడుతూ ఒక పాత వాక్యూమ్ క్లీనర్ కనబడటం మామూలే. పక్కనే అట్టపెట్టెలో మెలికలు తిరిగిన గొట్టం, నాలుగైదు రకాల మూతులు, ఎందుకో అర్థం కాని ఒక వంకర ముక్క ఉంటాయి. చాలామంది యంత్రాన్ని కొనుక్కుని పెట్టెను అక్కడే వదిలేసి వస్తారు. మనం మాత్రం పెట్టె కూడా అడిగి తెచ్చుకుందాం. ఆ వంకర ముక్కే కన్వర్టర్. అది లేకపోతే గొట్టాన్ని యంత్రానికి అతికించే దారే లేదు.

నిలువు యంత్రాన్ని తివాచీ మీద తోయడం ఎవరూ నేర్పక్కర్లేదు. గొట్టం తగిలించి సోఫాలు, మెట్లు, కిటికీ అంచులు శుభ్రం చేయడమే కొత్తవాళ్లు తడబడే పని. వేళ్లు నలిగేదీ, చున్నీ చుట్టుకునేదీ, ఫ్యాను రెక్క విరిగేదీ అప్పుడే. మనం మెల్లగా, ఒక్కో మెట్టూ చేసుకుంటూ వెళ్దాం.

ముందు లోపల ఏముందో చూద్దాం

ఒహాయోలోని కాంటన్‌లో జేమ్స్ స్పాంగ్లర్ అనే ఆయన ఒక దుకాణంలో ఊడ్చే పని చేసేవాడు. ఆ దుమ్ము ఆయనకు పడేది కాదు. ఒక ఫ్యాను మోటారు, చీపురు కర్ర, దిండు గలీబు, తిరిగే బ్రష్షు కలిపి యంత్రం కట్టుకుని 1908లో పేటెంటు తీసుకున్నాడు. దాన్నే విలియం హూవర్ కొని అమ్మకానికి పెట్టాడు. ఆ తర్వాత అర్ధ శతాబ్దానికి పైగా నిలువు యంత్రాల లోపలి అమరిక పెద్దగా మారలేదు. ముందు బ్రష్ రోలర్, దాన్ని తిప్పే రబ్బరు బెల్టు, వెనక ఫ్యాను, ఆపైన సంచి.

ఇక్కడ ఒక్క సంగతి బాగా గుర్తుపెట్టుకోవాలి. ఇప్పటి యంత్రాల్లో చాలావాటిలో చెత్త ముందు డబ్బాలోనో సంచిలోనో ఆగిపోతుంది, వడకట్టిన గాలి మాత్రమే ఫ్యానుకి చేరుతుంది. పాత నిలువు యంత్రాల్లో అలా కాదు. పీల్చిన ప్రతిదీ నేరుగా ఫ్యాను రెక్కల మధ్యలోంచి దూకి సంచిలో పడుతుంది. గొట్టంతో పీల్చినా అదే దారి. కాబట్టి సోఫా సందులోంచి వచ్చిన నాణెం గరగరలాడుతూ గొట్టం దాటిందంటే తర్వాత తగిలేది రెక్కకే. లోహపు రెక్కయితే సొట్ట పడుతుంది, ప్లాస్టిక్ రెక్కయితే విరుగుతుంది.

మనది ఏ రకం?

గొట్టం తగిలించే పద్ధతి యంత్రాన్ని బట్టి మారుతుంది. ముఖ్యంగా మూడు రకాలు.

మొదటిది హూవర్ కన్వర్టిబుల్. 1957లో వచ్చింది. వెనక వైపు ఒక మూత ఉంటుంది. అది తెరిచి కన్వర్టర్‌ను దూరిస్తే లోపలి మీట నొక్కుకుని మోటారు వేగం పెరుగుతుంది. తివాచీకి ఒక వేగం, గొట్టానికి ఇంకో వేగం. ఆ కాలానికి గొప్ప ఏర్పాటే అది. కానీ గొట్టం పెట్టినా ముందున్న బ్రష్ రోలర్ తిరుగుతూనే ఉంటుంది, పైగా ఇంకాస్త జోరుగా. కొత్తవాళ్లకు తెలియనిది ఇదే.

రెండోది ఇంకా పాత హూవర్లు. వీటిని పడుకోబెట్టి, అడుగున బెల్టును మోటారు కడ్డీ మీదనుంచి తప్పించి, ఆ చోట పలకలాంటి కన్వర్టర్ బిగించాలి. బెల్టు తప్పించాం కాబట్టి బ్రష్షు తిరగదు. పని ఎక్కువ, ప్రమాదం తక్కువ.

మూడోది కర్బీ కంపెనీది. దీనికి ముందు భాగం మొత్తం ఊడివస్తుంది, ఆ స్థానంలో గొట్టం బిగుస్తుంది. ముందు భాగం తీసినప్పుడు ఎదురుగా కనబడేది ఫ్యానే, అడ్డుగా జాలీ కూడా ఉండదు. తర్వాత్తర్వాత వచ్చిన మోడళ్లలో ముందేదీ బిగించకపోతే మోటారు తిరగనివ్వని స్విచ్ పెట్టారు. పాతవాటికి అది లేదు. మీ కర్బీకి ఆ స్విచ్ ఉందో లేదో ప్లగ్గు పెట్టి పరీక్షించి చూడకండి. లేదనే అనుకుని పనిచేయండి.

ఇక్కడినుంచి హూవర్ కన్వర్టిబుల్‌ను ఎదురుగా పెట్టుకుని చెబుతాను. మిగతా రెండింటికీ తేడా ఉన్నచోట ఆపి చెబుతాను.

కావలసినవి

యంత్రం, దాని కన్వర్టర్, గొట్టం, రెండు పొడుగు పైపులు. మూతుల్లో కనీసం మూడు: సన్నటి సందుమూతి, గుండ్రటి కుచ్చు బ్రష్షు, సోఫాలకు వాడే వెడల్పు మూతి. వేరే కంపెనీ మూతులు సరిపోతాయని నమ్మకం పెట్టుకోకండి, అప్పట్లో ఎవరి కొలత వాళ్లదే.

కొత్త బెల్టు ఒకటి, కొత్త కాగితం సంచులు. రెండూ మోడల్ నంబరు చెప్పి కొనాలి. ఆ నంబరు యంత్రం అడుగునో వెనకనో ఉన్న చిన్న పలక మీద ఉంటుంది.

టార్చిలైటు, స్క్రూడ్రైవరు, కత్తెర, పొడి గుడ్డ, ముక్కుకు మాస్కు. వీలైతే చవకరకం మల్టీమీటరు.

జుట్టు ముడి వేసుకుని, చీరయితే కొంగు నడుముకి దోపుకుని, చున్నీ అయితే తీసి పక్కన పెట్టి పనిలోకి దిగుదాం. లుంగీ కట్టుకుని చేసే పని కాదిది.

ప్లగ్గు పెట్టకముందు

ఈ భాగం దాటవేయాలనిపిస్తుంది. యంత్రం ఇంటికొచ్చిన ఉత్సాహంలో ముందు స్విచ్ వేసి చూద్దామనిపించడం సహజం. కాస్త ఓపిక పట్టండి.

1. వైరును ఆ చివరనుంచి ఈ చివరదాకా వేళ్ల మధ్య జారుస్తూ, ప్రతి జానెడుకీ కొద్దిగా వంచి చూద్దాం. పాత రబ్బరు పైకి బాగానే ఉంటుంది, వంచితే పగులు నోరు తెరుస్తుంది. హ్యాండిల్‌లోకి దూరే చోట, ప్లగ్గు మెడ దగ్గర ఇంకా జాగ్రత్తగా చూడాలి. పగులు కనిపిస్తే టేపు చుట్టి సరిపెట్టకండి, వైరే మార్పించాలి.

2. ఈ యంత్రాల్లో చాలావాటికి రెండు కాళ్ల ప్లగ్గే ఉంటుంది, ఎర్తు ఉండదు. శరీరం లోహంది. లోపల ఎక్కడైనా తీగ ఒలిచిపోయి శరీరానికి తగిలితే కరెంటు మన చేతికొస్తుంది. అందుకని మల్టీమీటరును ఓమ్‌ల మీద అత్యధిక స్థాయిలో పెట్టి, యంత్రం స్విచ్ ఆన్‌లో ఉంచి, ప్లగ్గు గోడకి పెట్టకుండానే, ఒక ముల్లు ప్లగ్గు కాలికి, రెండో ముల్లు రంగు లేని ఏదైనా స్క్రూకి తాకించి చూద్దాం. ప్లగ్గు రెండు కాళ్లకూ ఇలాగే. అంకె ఏదైనా కదిలితే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాలి. కదలకపోతే మంచిదే, అయినా దీన్నే పూర్తి భరోసా అనుకోకూడదు. ఇంట్లో వాడే మీటరు ఇచ్చే ఓల్టేజీ తక్కువ, అన్ని లోపాలూ దానికి దొరకవు.

3. సంచి మార్చడం ఆరుబయట, మాస్కు వేసుకుని. ఎవరి ఇంటి దుమ్మో, ఎన్నేళ్లనాటిదో మనకు తెలియదు. పాత సంచిని దులపకుండా నోరు మూసి పారేద్దాం.

4. యంత్రాన్ని వెల్లకిలా పడుకోబెట్టి బ్రష్ రోలర్‌కి చుట్టుకున్న వెంట్రుకలు, దారాలు కత్తెరతో కత్తిరించి లాగేద్దాం. రోలర్ చేత్తో తిప్పితే సులువుగా తిరగాలి. బెల్టు గట్టిపడి, మెరుస్తూ, సాగిపోయి ఉంటే మార్చేద్దాం.

5. గొట్టంలోకి ఒక చివరనుంచి టార్చి వేసి రెండో చివరనుంచి చూద్దాం. వెలుగు రాకపోతే లోపల ఏదో ఇరుక్కున్నట్టే. పాత గుడ్డ గొట్టాలకు పైన నేత బాగానే ఉండి లోపలి పొర చివికిపోయి ఉంటుంది. చేత్తో నొక్కినప్పుడు పొట్టు రాలితే ఆ గొట్టాన్ని వదులుకోవాల్సిందే. ఆ పొట్టంతా ఫ్యానులోకే పోతుంది.

పద్ధతి

ఒక్క నియమం: ప్లగ్గు అన్నిటికంటే ఆఖరున పెట్టాలి, అన్నిటికంటే ముందు తీయాలి. మధ్యలో ఏ మార్పు చేయాలన్నా స్విచ్ ఆపితే సరిపోదు. మన మోచేయి తగిలినా స్విచ్ పడుతుంది.

1. యంత్రాన్ని టైల్స్ మీదో చెక్కనేల మీదో నిటారుగా నిలబెట్టి, హ్యాండిల్ టక్కుమని గాడిలో పడేదాకా ముందుకు నెడదాం. తివాచీ మీద నిలబెట్టకూడదు. గొట్టంతో పనిచేసినంతసేపూ బ్రష్షు ఒకేచోట తిరుగుతూ ఉంటుంది. కాసేపటికి తివాచీ పోగులు ఊడి ఆ చోట గుండు కొట్టినట్టు అవుతుంది.

2. తివాచీ మందాన్ని బట్టి ఎత్తు మార్చే మీట ఉంటే అన్నిటికంటే ఎత్తు స్థానంలో పెడదాం. వంగి, కింద వెలుగు వేసి చూడండి, బ్రష్షు కుచ్చులు నేలకు తగలకూడదు. తగులుతుంటే చెక్కనేల మీద గీతలు పడతాయి. అప్పుడు యంత్రం కింద పాత అట్టముక్క వేద్దాం.

3. గోడనుంచి ప్లగ్గు తీసి ఉందని ఇంకోసారి కళ్లతో చూసుకుందాం. వైరు కొనను కనబడేలా మన ముందే పెట్టుకోవడం మంచి అలవాటు.

4. వెనక మూత తెరిచి కన్వర్టర్‌ను తిన్నగా లోపలికి తొయ్యాలి. చివరి అంగుళం దగ్గర కాస్త బిగువుగా ఉంటుంది, అక్కడే చాలామంది ఆగిపోతారు. పూర్తిగా కూర్చోకపోతే రెండు నష్టాలు. గాలి పక్కనుంచి కారిపోతుంది, వేగం మార్చే మీట నొక్కుకోదు. సుత్తితో కొట్టకండి. దూరడం లేదంటే తిరగేసి పెట్టామేమో చూసుకోవాలి.

   పాత హూవర్ అయితే ఈ మెట్టులో బెల్టు తప్పించి పలక బిగిస్తాం. కర్బీ అయితే ముందు బెల్టు వదులు చేసే పిడి తిప్పి, ముందు భాగం తీసి, గొట్టం జోడు పెట్టి, గొళ్లెం పూర్తిగా పడేదాకా నొక్కాలి. ఫ్యాను తెరుచుకుని ఉన్న ఆ కొద్ది సమయంలో పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు. ప్లగ్గు తీసి ఉన్నా సరే.

5. గొట్టం, ఆపైన పైపులు, చివరన మూతి. ఒక్కోదాన్ని లోపలికి నొక్కుతూ పావు చుట్టు తిప్పితే బిగుస్తుంది. మరీ బిగిస్తే తర్వాత ఊడదు.

6. యంత్రం స్విచ్ ఆఫ్‌లో ఉందని చూసుకుని ఇప్పుడు ప్లగ్గు పెడదాం. మొదటి రోజు మాత్రం జి.ఎఫ్.సి.ఐ. ఔట్‌లెట్‌కే పెట్టండి. వంటింట్లో, బాత్రూమ్‌లో, గరాజ్‌లో ఉండే, మధ్యలో టెస్ట్, రీసెట్ అనే రెండు బుల్లి మీటలున్న ఔట్‌లెట్ అది. కరెంటు మన ఒంట్లోంచి నేలకు కారితే అది టక్కున ఆపేస్తుంది. ఆపేసిందంటే రీసెట్ నొక్కి మళ్లీ ప్రయత్నించకండి. తప్పు ఔట్‌లెట్‌ది కాదు, యంత్రంలోనే ఉందని అనుమానించాలి.

7. ఒక చేత్తో గొట్టం కొన పట్టుకుని, కాళ్లు యంత్రం ముందు భాగానికి దూరంగా ఉంచి స్విచ్ వేద్దాం. అర నిమిషం ఏమీ చేయకుండా వినండి.

ఈ వినడం గురించి కాస్త చెప్పాలి. ఈ యంత్రాలకు సూచిక దీపాలు లేవు, చెప్పేదంతా చప్పుడుతోనే చెబుతాయి. గొట్టం కొనను అరచేత్తో ఒక్క క్షణం మూసి చూడండి, గొంతు పెరిగి కీచుమంటుంది. గాలి ఆగిపోతే ఫ్యానుకి నెట్టే పని తగ్గుతుంది, మోటారు తేలికై వేగం అందుకుంటుంది. ఆ కీచు గొంతు చెవికి పట్టిందంటే ఇకమీద గొట్టంలో ఏదైనా ఇరుక్కున్న క్షణంలోనే తెలిసిపోతుంది. దీనికి పూర్తి వ్యతిరేకం గొంతు మందగించి గుర్రుమనడం. అంటే బ్రష్షుకి ఏదో చుట్టుకుని బెల్టు జారుతోంది. కాలిన రబ్బరు వాసన వెంటే వస్తుంది. వెంటనే ఆపేయాలి. ఇక టకటక కొట్టుకుంటున్నట్టుంటే ఫ్యాను రెక్కకి దెబ్బ తగిలిందేమో చూడాలి.

8. ఇప్పుడు పని. పైనుంచి కిందికి వెళ్దాం: ముందు కర్టెన్ల పైఅంచులు, తర్వాత అలమరలు, తర్వాత సోఫాలు. గొట్టం సాగినంతవరకే మనం కదలాలి. అందకపోతే స్విచ్ ఆపి, హ్యాండిల్ పట్టి యంత్రాన్ని దగ్గరకు జరుపుకోవాలి.

9. అయిపోయాక స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి, ఫ్యాను తిరగడం పూర్తిగా ఆగేదాకా ఆగుదాం. అప్పుడే కన్వర్టర్ బయటికి. వెనక మూత దానంతటదే మూసుకుందో లేదో చూడండి. మూసుకోకపోతే మర్నాడు తివాచీ మీద లాగుడు ఉండదు, మోటారు పాడైందని పొరబడతాం.

ఏ మూతి ఎక్కడ?

కుచ్చు బ్రష్షు పుస్తకాలకు, ఫొటో ఫ్రేములకు, దేవుడి అలమరకు. అయితే ముందు అగరొత్తుల బూడిద నిప్పు లేకుండా పూర్తిగా చల్లారిందా అని చూడటం కాదు, అసలు బూడిదే పీల్చకండి. కాగితం సంచిలో కనబడని ఒక్క నిప్పుకణిక చాలు. గుడ్డతో తుడిచేయడమే మేలు.

సోఫా సందుల్లో సందుమూతి పెట్టేముందు చేత్తో ఒకసారి తడమాలి. నాణేలు, పిన్నీసులు, తెగిన నల్లపూసలు, పిల్లల లెగో ముక్కలు, చెవి దుద్దు శీలలు అన్నీ అక్కడే ఉంటాయి. శీల పోతే సంచి చింపి వెతుక్కోవచ్చు, ఫ్యాను రెక్క మాత్రం మళ్లీ రాదు. చేతికి అందని సందులకు మూతి కొనకి పాత మేజోడు తొడిగి రబ్బరు బ్యాండు వేస్తే వస్తువు మేజోడు దగ్గరే ఆగిపోతుంది. రబ్బరు బ్యాండు గట్టిగా వేయండి, లేకపోతే ఫ్యానులోకి పోయేది మేజోడే.

మెట్లకు యంత్రం ఎప్పుడూ కిందే ఉండాలి, మనం గొట్టం పట్టుకుని పైకి వెళ్తూ చేయాలి. గొట్టం అందలేదని మెట్టు మీద నిలబెడితే ఒక్క లాగుడుకి బరువంతా మన మీద పడుతుంది. గొట్టం సగం మెట్లకే చాలితే మిగతా సగం చీపురుతో ఊడ్చుకుందాం, పరువేం పోదు.

తరచు జరిగే పొరపాట్లు

గొట్టం పట్టుకుని యంత్రాన్ని కుక్కపిల్లలా వెంట లాగడం. డబ్బా రకం క్లీనర్లు వాడినవాళ్ల చేతులకు ఇది అలవాటైపోయి ఉంటుంది. నిలువు యంత్రం ముందుకు బోర్లా పడుతుంది, తిరుగుతున్న బ్రష్షు బయటపడుతుంది.

తడి పీల్చడం. ఒలికిన పాలు, ముందురోజు షాంపూ చేసిన తివాచీ, బాల్కనీలో వాన నీళ్లు, ఏవీ కూడదు. మోటారు పక్కనే ఉంది, ఎర్తు లేదు.

ముగ్గు పిండి, శనగపిండి, గోడ నున్నచేసిన పొడి పీల్చడం. వీటిని కాగితం సంచి పూర్తిగా పట్టలేదు. నిలువు యంత్రంలో ఫ్యాను గాలిని సంచిలోకి ఊదుతుంది కాబట్టి దొరకని పొడి గదిలోకే తిరిగొస్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్లున్న ఇంట్లో పాత యంత్రం ముచ్చటకే గానీ రోజువారీ వాడకానికి వద్దంటాను. పాత ఇళ్లలో ఆస్‌బెస్టాస్ ఉందన్న అనుమానం ఉంటే ఆ దరిదాపులకే తీసుకెళ్లకండి.

చలికాలపు చిటుక్కుమనే షాకుకి భయపడటం, లేదా అసలు షాకును చలికాలానికి ఆపాదించడం. పొడిగాలిలో ప్లాస్టిక్ గొట్టంలో దుమ్ము రాసుకుని స్థిర విద్యుత్తు పుడుతుంది. అది ఒక్కసారి చిటుక్కుమని పోతుంది. లోహాన్ని తాకినంతసేపూ వేళ్లకు జివ్వుజివ్వుమంటుంటే అది వేరు. యంత్రాన్ని ముట్టకుండా గోడ దగ్గరే ప్లగ్గు పీకేయాలి.

సంచి పూర్తిగా నిండేదాకా ఆగడం. మూడొంతులు నిండగానే లాగుడు తగ్గుతుంది. గొట్టంతో పనిచేసేటప్పుడు ఆ తేడా ఇంకా బాగా తెలుస్తుంది.

సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు వాడటం. అరగంటయ్యాక దాన్ని తాకి చూడండి, వెచ్చబడితే అది ఈ పనికి చాలదు.

హైదరాబాద్‌కో విజయవాడకో తీసుకొస్తే

అమెరికా యంత్రం 120 వోల్టులది. మన 230 వోల్టులకు అడాప్టర్ కాళ్లు తొడిగి పెడితే కొన్ని క్షణాల్లో మోటారు కాలిపోతుంది. ప్రయాణాలకని అమ్మే అరచేతిలో ఇమిడే ఓల్టేజీ కన్వర్టర్లు ఈ మోటార్లకు పనికిరావు. బరువైన స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మరే కావాలి. లెక్క తేలిక: పలక మీద 5 ఆంపియర్లని ఉంటే 120 × 5 అంటే 600 వాట్లు. స్విచ్ వేసిన క్షణంలో మోటారు ఇంకా ఎక్కువ లాగుతుంది కాబట్టి 1000 వాట్లకు తగ్గకుండా తీసుకుందాం. 60 హెర్ట్జ్, 50 హెర్ట్జ్ తేడా గురించి బెంగ అక్కర్లేదు, ఈ మోటార్లకు అది పట్టదు.

టైల్స్, గ్రానైట్ నేలలున్న మన ఇళ్లలో తివాచీ కోసం పుట్టిన బ్రష్షుకి పని తక్కువ. నిజంగా ఉపయోగపడేది గొట్టమే: పరుపులు, సోఫాలు, కిటికీ దోమతెరలు, ఫ్యాను రెక్కల మీది దుమ్ము. సీలింగ్ ఫ్యాను స్విచ్ ఆపి, కుచ్చు బ్రష్షుకి రెండు పైపులూ తగిలిస్తే చాలా ఇళ్లలో స్టూలు ఎక్కే పని ఉండదు.

దాచేటప్పుడు గొట్టాన్ని మేకుకి మడిచి తగిలించకండి, మడత దగ్గరే చీలుతుంది. వెడల్పుగా చుట్టి పడుకోబెట్టండి. వైరును హ్యాండిల్ కొక్కేలకు వదులుగా చుట్టండి. కన్వర్టర్‌ను మాత్రం గుడ్డసంచి పక్కనే దారంతో యంత్రానికే కట్టేయండి. ఇల్లు మారేటప్పుడు మొట్టమొదట పోయేది అదే.